హరమైన్ దారిలో మేము నేర్చుకున్నది

హజ్ గురించి చెప్పేటప్పుడు ధర్మపండితులు ‘ఇస్తితాఅత్’ అనే మాటను వాడతారు. దారి ఖర్చును భరించగల స్థోమత, ప్రయాణం చేయగల శక్తి ఉన్నవారికే హజ్ విధి అవుతుందని దాని సారాంశం. దివ్యఖుర్ఆన్‌లోని ఆలె ఇమ్రాన్ సూరాలో ఈ ఆదేశం ఉంది. చాలా ఏళ్ళపాటు మేము ఈ మాటను డబ్బుతో మాత్రమే కొలిచాము. బ్యాంకులో ఎంత ఉంది, అప్పులు తీరాయా, పిల్లల ఫీజులు పోగా ఎంత మిగులుతుంది అన్న లెక్కలతోనే సరిపెట్టుకున్నాము. ఆ ఆదేశంలో ‘దారి’ అన్న మాట కూడా ఉందని, ఆ దారిని నడవవలసింది మన ఇంట్లోని అందరికన్నా బలహీనమైన కాళ్ళని ఆలోచించలేదు.

అల్లాహ్ కృపతో మేమిద్దరం, అంటే భార్యాభర్తలం, రెండు పర్యాయాలు ఉమ్రా చేశాము. 2023 జనవరిలో అబ్బాజాన్‌ను వెంటబెట్టుకొని వెళ్ళాము. 2026 జనవరిలో అమ్మీజాన్‌ను తీసుకొని వెళ్ళాము. రెండుసార్లూ చేరవలసిన చోట్లు అవే అయినా, దారులు వేరు. ఆ తేడాలో మేము పోగొట్టుకున్నది ఒకటుంది, నేర్చుకున్నది ఒకటుంది. ఉమ్రాకు సిద్ధమవుతున్న ఇళ్ళన్నిటిలోనూ ఇదే చర్చ నడుస్తుంది. ఏ విమానం, ఎక్కడ దిగాలి, అక్కడి నుంచి బస్సా, రైలా? మా అనుభవం వారిలో ఏ ఒక్కరికి పనికివచ్చినా చాలునని ఇది రాస్తున్నాము.

నానా చేసిన ఓడ ప్రయాణం

మా ఇంట్లో హజ్ ప్రస్తావన వచ్చినప్పుడల్లా అమ్మీజాన్ తన తండ్రిని తలుచుకుంటారు. మేము నానా అని పిలుచుకునే ఆయన 1970ల మొదట్లో హజ్ చేశారు. అప్పుడు విమానం ధనవంతుల మాట. సామాన్యులకు బొంబాయి నుంచి జెద్దాకు వెళ్ళే ఓడే దిక్కు. కర్నూలు నుంచి గుంతకల్లు వెళ్ళి, అక్కడ మద్రాసు నుంచి వచ్చే బొంబాయి మెయిలు ఎక్కారట. బొంబాయిలో ముసాఫిర్ ఖానాలో కొన్ని రోజులు వేచి ఉండి, ఆ తరువాత ఓడ ఎక్కారు. వెంట ఒక రేకు పెట్టె, అందులో బియ్యం, పచ్చళ్ళు, ఎండు రొట్టెలు, ఇహ్రాం బట్టలు. ఆ పెట్టె ఇప్పటికీ అమ్మీజాన్ గదిలోనే ఉంది.

బయలుదేరే ముందు నానా ఊళ్ళో ఇంటింటికీ వెళ్ళి మన్నింపు కోరారని, ఇవ్వవలసిన బాకీలన్నీ తీర్చి వసియ్యత్ రాసి వెళ్ళారని అమ్మీజాన్ చెబుతారు. తిరిగివస్తామో లేదో తెలియని ప్రయాణం అది. ఓడలో వారం రోజులకు పైగా గడిచాక, యలమ్‌లమ్ మీఖాత్‌కు ఎదురుగా వచ్చామని ప్రకటించినప్పుడు డెక్కు మీద ఉన్నవారంతా ఇహ్రాంలోకి ప్రవేశించారట. నానా ఆ మాట చెప్పిన ప్రతిసారీ కంట నీరు పెట్టుకొనేవారట.

ముంబయి, జెద్దాల మధ్య హజ్ యాత్రికుల ఓడలు 1995తో ఆగిపోయాయి. వాటిని తిరిగి నడపాలన్న ఆలోచన 2018లో వార్తల్లోకి వచ్చింది గాని ఓడలు మాత్రం కదలలేదు. కనుక నేడు మన ప్రాంతాల నుంచి వెళ్ళేవారికి ఆకాశమార్గమే దారి. ఒకప్పుడు నెలల తరబడి సాగిన రాకపోకలు ఇప్పుడు గంటల్లోకి వచ్చాయి. హైదరాబాదు నుంచి జెద్దాకు నేరుగా వెళ్ళే విమానంలో ఆరు గంటల లోపే చేరవచ్చు. ఇంత సులువైన ప్రయాణానికి ప్రత్యేకంగా ఆలోచించవలసింది ఏముందని మేము అనుకున్నాము. అదే మా మొదటి పొరపాటు.

అది చిన్న దేశం కాదు

మక్కా, మదీనా, జెద్దా అనే మూడు పేర్లు మన నోళ్ళలో ఎప్పుడూ కలిసే ఉంటాయి. అందువల్ల అవి పక్కపక్క ఊళ్ళన్న భావన మనకు తెలియకుండానే ఏర్పడుతుంది. సౌదీ అరేబియా విస్తీర్ణం సుమారు 21.5 లక్షల చదరపు కిలోమీటర్లు. అంటే మన భారతదేశంలో దాదాపు మూడింట రెండు వంతులు. మక్కా నుంచి మదీనాకు రోడ్డు మార్గాన 430 కిలోమీటర్లకు పైగా ఉంటుంది. కర్నూలు నుంచి హైదరాబాదుకు వెళ్ళి, వెంటనే తిరిగి కర్నూలు వచ్చినంత దూరం. తూర్పు తీరాన ఉన్న దమ్మామ్ నుంచి మక్కాకు అయితే సుమారు 1,300 కిలోమీటర్లు.

దమ్మామ్ పేరు ఎందుకు చెప్పామంటే మా తమ్ముడు అక్కడే ఉద్యోగం చేస్తున్నాడు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌ల నుంచి గల్ఫ్ వెళ్ళిన బిడ్డలున్న ఎన్నో ఇళ్ళలో తల్లిదండ్రుల ఉమ్రా వారి చేతుల మీదుగానే జరుగుతుంది. 2023లో మా తమ్ముడు కూడా, “దమ్మామ్‌కు టికెట్టు తీయండి, ఇక్కడ నాలుగు రోజులు ఉండి, అందరం కలిసి బస్సులో మక్కా వెళదాం” అన్నాడు. వాడి ప్రేమలో లోటు లేదు. అయితే ఆ బస్సు ప్రయాణం పద్నాలుగు గంటలకు తక్కువ కాదు. అబ్బాజాన్‌కు అప్పటికే డెబ్బై ఒక్క ఏళ్ళు. కనుక ఆ మార్గం వద్దనుకున్నాము. అక్కడివరకు సరిగానే ఆలోచించాము.

తరువాత మా ఊరి ఏజెంటు రెండు ధరలు చెప్పాడు. నేరుగా జెద్దా వెళ్ళే విమానానికి ఒక ధర. దారిలో ఒక గల్ఫ్ నగరంలో తొమ్మిది గంటలు ఆగి, మరో విమానం ఎక్కేందుకు ఇంకొక ధర. మనిషికి పదకొండు వేల రూపాయల తేడా. ముగ్గురికీ కలిపి ముప్ఫై మూడు వేలు. “తొమ్మిది గంటలే కదా, కూర్చుంటే గడిచిపోతాయి” అనుకున్నాము. అబ్బాజాన్‌ను అడిగాము. ఆయన, “మీకు ఏది సులువైతే అది చేయండి బేటా” అన్నారు. ఆ జవాబును మేము అంగీకారంగా తీసుకున్నాము. బిడ్డల మీద భారం వేయకూడదనుకునే తండ్రి ఇంకేమని అంటాడన్నది అప్పుడు మాకు తట్టలేదు.

మొదటి ప్రయాణం

అబ్బాజాన్ దక్షిణ మధ్య రైల్వేలో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసి, స్టేషన్ మాస్టరుగా పదవీ విరమణ చేశారు. మక్కా, మదీనాల మధ్య రైలు నడుస్తోందని 2018లో పేపరులో చదివినప్పటి నుంచి ఆయనకు దాని మీద మక్కువ. హరమైన్ రైలు మార్గం పొడవు 450 కిలోమీటర్లని, గంటకు 300 కిలోమీటర్ల వేగంతో వెళుతుందని, మక్కా, జెద్దా, జెద్దా విమానాశ్రయం, రాబిగ్ సమీపంలోని కింగ్ అబ్దుల్లా ఎకనామిక్ సిటీ, మదీనాలలో అయిదు స్టేషన్లున్నాయని మనవలకు పాఠంలా చెప్పేవారు. అంతకుముందే మరో రైలు మదీనాకు వచ్చిందని కూడా చెప్పేవారు. ఉస్మానీ సుల్తాన్ రెండవ అబ్దుల్ హమీద్ కాలంలో 1900లో డమాస్కస్ నుంచి పట్టాలు వేయడం మొదలుపెట్టి, 1908 నాటికి మదీనాకు చేర్చారు. సుమారు 1,300 కిలోమీటర్ల ఆ హిజాజ్ రైలు మార్గానికి ప్రపంచంలోని ముస్లింలు విరాళాలిచ్చారు. మన హైదరాబాదు నుంచి కూడా డబ్బు వెళ్ళింది. ఒంటె బిడారులకు నెలకు పైగా పట్టే దారిని కొద్ది రోజులకు తగ్గించిన ఆ రైలు మొదటి ప్రపంచ యుద్ధంలో దెబ్బతిని ఆగిపోయింది. “పట్టాలు పోయినా మదీనాలో ఆ స్టేషన్ ఇంకా నిలిచే ఉందట” అని అబ్బాజాన్ అనేవారు.

కర్నూలు నుంచి శంషాబాదుకు నాలుగు గంటలు. విమానాశ్రయంలో మూడున్నర గంటలు. మొదటి విమానంలో నాలుగు గంటలు. తరువాత ఆ పరాయి విమానాశ్రయంలో ఇనుప కుర్చీల మీద రాత్రంతా తొమ్మిది గంటలు. అక్కడే స్నానాల గదిలో ఇబ్బంది పడుతూ ఇహ్రాం ధరించాము. జెద్దాలో దిగాక వలస తనిఖీ వరుసలో రెండు గంటలు. బయట మా బృందంలోని మిగిలిన వారి విమానం వచ్చేదాకా బస్సులో మూడు గంటలు. ఇంటి గడప దాటిన ముప్ఫై గంటల తరువాత మక్కాలో గది చేరాము. అబ్బాజాన్ చెప్పులు విప్పలేకపోయారు. పాదాలు అంతగా వాచాయి.

ఉమ్రాను ఆ రాత్రి చేయలేక, మరుసటి రోజు చక్రాల కుర్చీలో చేయించాము. కాబాను చూసినప్పుడు ఆయన ముఖంలో కనిపించిన వెలుగును మేము మరువలేము. అల్‌హమ్దులిల్లాహ్, ఆ భాగ్యం దక్కింది.

ఆరు రోజుల తరువాత మదీనా ప్రయాణం. అబ్బాజాన్ మెల్లగా అడిగారు: “రైలు స్టేషన్ ఇక్కడికి ఎంత దూరం బేటా?” హరమ్ నుంచి నాలుగైదు కిలోమీటర్లే. కాని ప్యాకేజీలో బస్సు కలిపి ఉంది. రైలుకైతే వేరే డబ్బు కట్టాలి. “బస్సుకు ముందే కట్టేశాము అబ్బా” అన్నాము. ఆయన తలాడించారు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

బస్సు రాత్రి పదకొండు గంటలకు బయలుదేరింది. ఆరు గంటలన్న ప్రయాణం, దారిలో ఆగిన చోట్లతో కలిపి తొమ్మిది గంటలైంది. మదీనాలో మేమున్నది నాలుగు రోజులు. అందులో మొదటి రెండు రోజులు అబ్బాజాన్ మంచం దిగలేదు. జ్వరం, కాళ్ళ వాపు. మస్జిదె నబవీ మా గది కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది. రౌజాలో నమాజుకు నుసుక్ యాప్ ద్వారా ముందుగా అనుమతి తీసుకోవాలి. ఆయన పేరు మీద అనుమతి వచ్చిన సమయం సరిగ్గా ఆ రెండవ రోజునే పడింది. ఆ గడియ గడిచిపోయింది. మళ్ళీ అనుమతి దొరకలేదు.

“అల్లాహ్ ఎంతవరకు రాశాడో అంతవరకే” అని మమ్మల్ని ఓదార్చింది ఆయనే. 2024 వేసవిలో అబ్బాజాన్ అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. అల్లాహ్ ఆయనను మన్నించి, జన్నతుల్ ఫిర్దౌస్‌లో చోటు ప్రసాదించుగాక. మిగిలిన ఆ ముప్ఫై మూడు వేలు దేనికి ఖర్చయ్యాయో మాకిప్పుడు గుర్తు లేదు.

జరిగినది విధి అని నమ్ముతున్నాము. కాని విధి మీద విశ్వాసం మన నిర్లక్ష్యానికి ముసుగు కారాదు. ఒంటెను ముందు కట్టివేసి, ఆ తరువాత అల్లాహ్‌ను నమ్ముకోమని దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) బోధించారు. మేము ఒంటెను కట్టలేదు.

రెండో మష్వరా

అమ్మీజాన్‌తో వెళ్ళాలనుకున్నప్పుడు ఇంట్లో అందరం కూర్చొని మష్వరా చేసుకున్నాము. అమ్మీజాన్‌కు అరవై ఎనిమిదేళ్ళు. షుగరు ఉంది, మోకాళ్ళ నొప్పి ఉంది. ఖర్చు మాట రాగానే ఆమె కూడా అదే జవాబు చెప్పారు: “ఏది చౌక అయితే అదే చూడండి. నేను ఎలాగోలా వస్తాను.” ఈసారి ఆ మాట మాకు అర్థమైంది. మా కోడరికం చేసిన గొంతు, అంటే మా ఇద్దరిలో ఆమె కోడలు, “అమ్మీ, మీరు ఎలాగోలా రావద్దు. హాయిగా రండి. రెండు నెలలు ఆలస్యంగానైనా వెళదాం” అంది. అలాగే చేశాము. ఆ తేడా డబ్బును కూడబెట్టడానికే మూడు నెలలు ఆగాము.

దైవప్రవక్త (స) నమాజు చదివించే ఇమాములను, తమ వెనుక నిలబడిన బలహీనులను, వృద్ధులను దృష్టిలో ఉంచుకోమని ఆదేశించారు. ప్రయాణాల్లో ఆయన బృందానికి వెనుక నడుస్తూ, వెనుకబడిన బలహీనులకు తోడ్పడేవారని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. ముగ్గురు కలిసి ప్రయాణం చేస్తే ఒకరిని నాయకునిగా ఎన్నుకోమని కూడా బోధించారు. ఈ మూడింటినీ కలిపి మేము ఒక నియమం చేసుకున్నాము. నాయకుడు ఎవరైనా సరే, నిర్ణయానికి కొలత మాత్రం అమ్మీజాన్ మోకాళ్ళు. ఒక్కొక్క దశనూ ఆ కొలతతోనే చూశాము.

మొదటిది, ఎక్కడ దిగాలి అన్నది. మేము వెళ్ళిన రోజుల్లో హైదరాబాదు నుంచి జెద్దాకే గాక మదీనాకు కూడా నేరుగా విమానాలున్నాయి. జెద్దాలో దిగితే, అలసట తీరకుండానే ఇహ్రాంలో ఉమ్రా నెరవేర్చాలి. మదీనాలో దిగితే ముందు విశ్రాంతి, మస్జిదె నబవీలో నమాజులు, ఒంటికి అక్కడి వాతావరణం అలవాటు పడడం, ఆ తరువాత మక్కా. వయసు మళ్ళినవారికి ఈ వరుసే మేలని మాకు తోచింది. పైగా విమానంలో మీఖాత్ దాటే ఆదుర్దా ఉండదు.

రెండవది, మీఖాత్. ఉమ్రా సంకల్పంతో మక్కాకు వెళ్ళేవారు ఇహ్రాం లేకుండా దాటకూడని హద్దు ఇది. నానా కాలంలో ఓడ మీద నుంచి యలమ్‌లమ్ లెక్క. నేడు జెద్దాకు వెళ్ళే విమానంలో మీఖాత్‌ను ఆకాశంలోనే దాటుతాము. చాలా విమానాల్లో ముందుగా ప్రకటన చేస్తారు గాని, ఆ సమయానికి నిద్రలో ఉన్నవారి సంగతి ఏమిటి? 2023లో మా బృందంలోని ఒక పెద్దాయన ఇహ్రాం బట్టలను పెద్ద పెట్టెలో పెట్టి సామానుతో పంపించేశారు. పక్కవారి దగ్గర అదనంగా ఉన్న జత దొరకబట్టి సరిపోయింది. కనుక ఇహ్రాం బట్టలు చేతి సంచిలోనే ఉండాలి. నేరుగా జెద్దా వెళ్ళేవారు శంషాబాదులోనే, లేదా ఇంటి దగ్గరే బట్టలు ధరించి, నియ్యత్, తల్బియాలను మీఖాత్ సమీపించినప్పుడు చేసుకోవచ్చు. దమ్మామ్, రియాద్‌ల నుంచి రోడ్డు మీద వచ్చేవారికి తాయిఫ్ దగ్గరి ఖర్నుల్ మనాజిల్ మీఖాత్. మదీనా నుంచి వెళ్ళేవారికి జుల్ హులైఫా. దానిని ఇప్పుడు అబ్యార్ అలీ అంటారు. మీఖాత్ దాటిపోయాక గుర్తుకు వస్తే ఏం చేయాలన్నది ముందుగానే తమ ఊరి ఆలిమ్‌ను అడిగి తెలుసుకొని వెళ్ళడం మంచిది. దారిలో తలా ఒక మాట చెబుతారు.

మూడవది, విమానం లోపలి సంగతులు. టికెట్టు తీసుకునేటప్పుడే చక్రాల కుర్చీ కావాలని రాయించాము. ఎక్కేచోటా దిగేచోటా అమ్మీజాన్ పొడవాటి వరుసలలో నిలబడే పని తప్పింది. ఇన్సులిన్, మాత్రలు, డాక్టరు రాసిన చీటీ చేతి సంచిలో ఉంచాము. సౌదీ సమయం మనకన్నా రెండున్నర గంటలు వెనుక. షుగరు మందు వేళను దానికి తగినట్టు ఎలా మార్చుకోవాలో ముందే డాక్టరుగారిని అడిగి రాసుకున్నాము. ఉమ్రా యాత్రికులకు తప్పనిసరి అయిన మెనింజైటిస్ టీకాను ప్రయాణానికి పది రోజుల ముందే వేయించాము. గంటకొకసారి లేచి నాలుగడుగులు వేయమని కోడలు గుర్తు చేస్తూనే ఉంది. మదీనాలో దిగినప్పుడు అమ్మీజాన్ తన చెప్పులు తానే వేసుకున్నారు. చూసి మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము.

మదీనా నుంచి మక్కాకు

ఇక నాలుగవది, రెండు పుణ్యనగరాల మధ్య ప్రయాణం. 2025 నవంబరులో మదీనా సమీపంలో బస్సు ప్రమాదం జరిగి, హైదరాబాదు నుంచి ఉమ్రాకు వెళ్ళినవారు నలభై మందికి పైగా మరణించిన వార్త మన ఇళ్ళన్నిటినీ కలచివేసింది. అల్లాహ్ వారిపై కరుణ చూపుగాక, వారి కుటుంబాలకు ఓర్పును ప్రసాదించుగాక. ఆ వార్త విన్నాక కొందరు బంధువులు మమ్మల్ని ప్రయాణమే మానుకోమన్నారు. మరణ ఘడియ ఎక్కడున్నా తప్పదు. ఏటా లక్షల మంది అదే దారిలో బస్సుల్లో క్షేమంగా వెళ్ళివస్తున్నారు కూడా. భయంతో యాత్ర మానడం విశ్వాసి లక్షణం కాదు. అలాగని జాగ్రత్త వద్దనడం కూడా తవక్కుల్ కాదు. బస్సులో వెళ్ళేవారు పగటిపూట ప్రయాణాన్నే అడగాలని, సీటు బెల్టు పెట్టుకోవాలని, డ్రైవరుకు విశ్రాంతి దొరికిందో లేదో బృంద నాయకుని ద్వారా తెలుసుకోవాలని మేము చెబుతాము. ఇది అడగడం మన హక్కు.

మేము రైలునే ఎంచుకున్నాము. టికెట్లు ముందుగానే కొన్నాము. శుక్రవారాలు, రమజాన్ రోజుల్లో చివరి గడియలో దొరకడం కష్టం. రైలు స్టేషన్ మదీనాలో మస్జిదె నబవీకి కొన్ని కిలోమీటర్ల దూరంలో ఒకవైపు ఉంటే, జుల్ హులైఫా ఇంకొకవైపు ఉంది. బస్సులైతే మీఖాత్ దగ్గర ఆగుతాయి. రైలు ఆగదు. ఈ సంగతి చాలామందికి తెలియదు. అందుకని మేము గదిలోనే స్నానాలు చేసి, ఇహ్రాం ధరించి, లైసెన్సు ఉన్న టాక్సీ మాట్లాడుకొని జుల్ హులైఫా మస్జిద్‌కు వెళ్ళాము. అక్కడ నమాజు చేసి, నియ్యత్ చేసుకొని, తల్బియా పలుకుతూ అదే టాక్సీలో స్టేషన్‌కు వచ్చాము. ఈ చుట్టుదారికి రెండు గంటల సమయం అదనంగా పెట్టుకోవాలి.

స్టేషన్‌కు వెళ్ళే ముందు రోజు ఒక పని చేశాము. మస్జిదె నబవీ నుంచి ఎక్కువ దూరం లేని పాత హిజాజ్ స్టేషన్ భవనాన్ని చూసివచ్చాము. నల్లరాతి గోడలు, ఎత్తైన ముఖద్వారం. ఇప్పుడది మ్యూజియం. అమ్మీజాన్ చాలాసేపు దాని ఎదుట నిలబడి, “మీ అబ్బా చెప్పినది ఇదేనా?” అని అడిగారు. ఇదేనన్నాము.

రైలులో అమ్మీజాన్‌ను కిటికీ పక్కన కూర్చోబెట్టాము. రెండున్నర గంటల లోపే మక్కా. బయట ఎడారి, అక్కడక్కడ నల్లని కొండలు. ఈ దారిలోనే మక్కా నుంచి మదీనాకు దైవప్రవక్త (స) హజ్రత్ అబూబకర్ (రజి)తో కలిసి ప్రాణాపాయం మధ్య ఒంటెల మీద హిజ్రత్ చేశారు కదా అని మాట్లాడుకున్నాము. ఆ దారి కష్టం ఎక్కడ, మా మెత్తని సీట్లు ఎక్కడ! సుఖం దొరికిందని సిగ్గుపడనక్కరలేదు. అది అల్లాహ్ అనుగ్రహం. అయితే ఆ సుఖం వల్ల మిగిలిన శక్తి ఆరాధనకు ఖర్చు కావాలి. అప్పుడే దానికి కృతజ్ఞత చెల్లించినట్టు. ఆ సాయంత్రమే అమ్మీజాన్ తవాఫ్ తన కాళ్ళ మీద నడిచి పూర్తిచేశారు. సయీలో మాత్రం చివరి మూడు చుట్లకు కుర్చీ తీసుకున్నాము.

దమ్మామ్ నుంచి మా తమ్ముడు బస్సులో పద్నాలుగు గంటలు ప్రయాణం చేసి, మక్కాలో మమ్మల్ని కలుసుకున్నాడు. వాడికి ముప్ఫై రెండేళ్ళు. వచ్చీరాగానే ఉమ్రా చేసి, తెల్లవారుజామున తహజ్జుద్‌కు కూడా నిలబడ్డాడు. కనుక బస్సు చెడ్డదని, ఆగి ఆగి వెళ్ళే విమానం తప్పని మేము అనడం లేదు. స్థోమత తక్కువైన యువకులకు అవి అల్లాహ్ తెరిచిన ద్వారాలే. ఎవరి శక్తికి ఏది తగినదో చూడమనే మా మనవి. కుటుంబంలో పెద్దలుంటే, చౌక టికెట్టు చూపించి వారిని అడగవద్దు. “మీ ఇష్టం” అనే అంటారు. వారి కాళ్ళను చూసి మనమే నిర్ణయించాలి. డబ్బు చాలకపోతే కొన్ని నెలలు ఆగవచ్చు. ఉమ్రాకు తొందర లేదు. గదిని హరమ్‌కు కొంచెం దూరంగా తీసుకోవచ్చునా, కొనుగోళ్ళు తగ్గించుకోవచ్చునా అని చూడవచ్చు. తిరిగి వచ్చేటప్పుడు పెట్టెలు నింపుకొనే ఖర్చులో సగం తగ్గించినా నేరుగా వెళ్ళే విమానం ధర తేడా దాదాపు తీరిపోతుందని రెండోసారి మాకు అర్థమైంది.

అల్ బఖరా సూరాలో హజ్ ఆదేశాల మధ్య, ప్రయాణ సామగ్రిని సమకూర్చుకోమని, అన్నిటికన్నా మేలైన సామగ్రి దైవభీతి అని అల్లాహ్ తెలియజేశాడు. నానా రేకు పెట్టెలో బియ్యం, పచ్చళ్ళతోపాటు ఆ సామగ్రి కూడా ఉంది. అందుకే ఊరంతా తిరిగి మన్నింపు కోరి ఓడ ఎక్కారు. దారి ఆరు గంటలకు తగ్గింది గాని ఆ సిద్ధపాటు తగ్గకూడదు. ఈసారి బయలుదేరే ముందు మేము కూడా బాకీలు తీర్చి, మాట పట్టింపులున్న ఇద్దరు బంధువుల ఇళ్ళకు వెళ్ళి వచ్చాము.

మదీనాలో అమ్మీజాన్‌కు రౌజా అనుమతి మూడవ రోజు ఉదయం దొరికింది. స్త్రీల వరుసలో కోడలి చేయి పట్టుకొని వెళ్ళారు. గంట తరువాత బయటికి వచ్చి, కాసేపు ఏమీ మాట్లాడలేదు. గదికి నడుస్తుండగా అన్నారు: “నా కోసం ఏం అడగాలో గుర్తు రాలేదు బేటా. మీ అబ్బా కోసం దుఆ చేసి వచ్చాను.”

హరమైన్ దర్శనం కోరుకుంటున్న ప్రతి ఇంటికీ అల్లాహ్ ఆ దారిని సుగమం చేయుగాక. ఆ దారిలో మన బలహీనుల చేయి విడువకుండా నడిచే బుద్ధిని మనకు ప్రసాదించుగాక. ఆమీన్.